అక్కయ్య బొమ్మలకు వెలుగు వెదికిన వేసవి

ఈ వేసవి మొదట్లో ఒక ఆదివారం ఉదయం మా మేనల్లుడు నన్ను కొండాపూర్ నుంచి నల్లగండ్లలోని తన ఇంటికి పిలిపించి, ముందుగదిలో ఒక అట్టపెట్టె విప్పి, మూడు కాళ్ళ మీద నిలబడే ఒక గుండ్రని దీపాన్ని నా ఎదుట ప్రతిష్ఠించి, ఇక నీ విద్యతో పని తీరిపోయింది సుమా అన్నట్టు నా ముఖంలోకి చూశాడు. ఆకారానికి అది పెద్ద గారె వలె ఉన్నది. గారెకు నడుమ చిల్లు ఎందుకో వంట ఎరిగినవారికి తెలుసు, నడిమి పిండి కూడా వేగాలని; ఈ దీపానికి చిల్లు ఎందుకయ్యా అని అడిగితే, అందులో ఫోను బిగించి ఎవరి ముఖాన్ని వారు చిత్రించుకోవడానికట. ఎదుట ఉన్నది ఏ వస్తువైనా సరే, దానికి నీడ అన్నది మిగలనీయకపోవడమే ఈ పరికరపు ఘనత అని కూడా అతడు సెలవిచ్చాడు. నీడను తుడిచివేయడం ఘనత అని నమ్మేవారికి వెలుగును గురించి ఏమని చెప్పగలం? నా యీడువారు నవ్వుకోవడానికి ఈ ఒక్క మాట చాలు.

ఆ దీపం వచ్చింది మా అక్కయ్య బొమ్మల కోసం. అక్కయ్య ఒక బాలికల ఉన్నత పాఠశాలలో చిత్రలేఖనం ఉపాధ్యాయినిగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్న మనిషి. పిల్లలకు మామిడిపండు, కూజా, గొడుగు గీయడం నేర్పుతూనే, తన సెలవు దినాలన్నీ నూనెరంగులతో అటువంటి వస్తువులనే తానూ చిత్రించుకొంటూ గడిపింది. ఇత్తడి చెంబులు, కుట్టుమిషను, తరిగిపెట్టిన కూరగాయలు, అటక మీది దుప్పట్ల మూట; కదలనివి తప్ప ఆమె వేయలేదు. కదిలేవాటిని చూడడానికి జనం ఎలాగూ ఉన్నారనేది. అలా పోగయిన ముప్పయి ఒక్క బొమ్మలను పుస్తకంగా వేస్తామని ఒక చిన్న ప్రచురణ సంస్థవారు ముందుకు వచ్చినప్పుడు, ఆమెకు అప్పటికే కంటి నడిమి చూపు మాసిపోతున్నది. నేరుగా చూస్తే ఎదుట బూడిదరంగు మచ్చ. తల పక్కకు తిప్పి ఓరగా చూస్తేనే ఏదైనా కనబడేది. ఆ ఓరచూపు కూడా వానకాలం దాటుతుందని చెప్పలేమని వైద్యుడు అన్నాడు. ఆమె కోరింది ఒక్కటే, అచ్చయిన పుట మీద తన రంగులను తన కళ్ళతో చూసి, ఇవి నావే అని తలూపాలి. ఫోటోలు మీరే తీయించి పంపండి అన్నారు ప్రచురణకర్తలు. అందుకు వచ్చింది ఆ గారె.

"మామయ్యా, దీంతో ఒక్క పూటలో అన్నీ లాగించేయొచ్చు, మీరు అలా కూర్చుని కాఫీ తాగండి" అని మా మేనల్లుడు బొమ్మలను ఒకటొకటిగా గోడకు ఆనించి దీపం వెలిగించాడు. అక్కయ్య బొమ్మల మీద వార్నీషు పూత ఉంటుంది. పూత ఉన్న తలానికి ఎదురుగా దీపం పెడితే అది అద్దమై దీపాన్నే తిరిగి చూపిస్తుందన్నది నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో తెలుసుకొన్న సంగతి. తీసిన అయిదు ఫోటోలలోనూ నట్టనడుమ తెల్లటి వలయం ఒకటి వెలిసింది. కుట్టుమిషను మీద గారె, దుప్పట్ల మూట మీద గారె. అతడు ఏమాత్రం చలించక, "ఎడిటింగ్‌లో తీసేద్దాం" అన్నాడు. ఉన్నదానిని చెరిపి, చెరిగిన చోట యంత్రం ఊహించినదానిని అతికి, దానిని అమ్మ వేసిన బొమ్మ అని అచ్చువేయిస్తాడన్నమాట. నేను కాఫీ తాగకుండానే లేచి, ఈ బొమ్మలకు వెలుగు నేను చూస్తాను, ఈ గారెను అవతల పెట్టించు అన్నాను. అక్కయ్య తన మూలకుర్చీలోంచి, "వాడికి వాడి గురువు పూనాడు, ఇక మనం మాట్లాడకూడదు" అన్నది.

అక్కయ్య అన్నది నిజమే. వెలుగు మాట వస్తే నాకు మా గురువుగారే గుర్తుకు వస్తారు. ప్రాచ్యకళాశాలలో కావ్యవ్యాకరణాలు వల్లెవేసి, భాషాప్రవీణ పట్టా చంకన పెట్టుకొని ఈ నగరానికి వచ్చిన నేను, ప్రాచీన వస్తువులను భద్రపరచే ఒక ప్రభుత్వ శాఖలో పటాల కింద పేర్లు రాసే గుమాస్తాగా చేరాను. ఒకనాడు ఫోటోల విభాగంలో దీపాలు పట్టుకొనే మనిషి సెలవు పెట్టిన కారణాన నన్ను పిలిపించారు. ఆ పిలుపు నా పదవీవిరమణ దాకా ముగియలేదు. ఆ విభాగానికి పెద్ద మా గురువుగారు. మెతుకుసీమవారు, ఎత్తయిన మనిషి, వెటకారం ఆయన సహజభాష. బడిలో చదివింది కొద్దే అయినా, ఒక వస్తువును వెలుగులో ఎటు తిప్పితే అది నోరు విప్పుతుందో ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియగా నేను చూడలేదు.

మొదటిసారి నన్ను నమ్మి ఆయన అప్పగించిన వస్తువు మూరెడు కంచు విగ్రహం. నేను భక్తిగా రెండు పెద్ద దీపాలను అటొకటి ఇటొకటి నిలిపి, విగ్రహం ధగధగలాడుతుండగా ఫోటో తీసి, కడిగి ఆరబెట్టి, ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన దానిని ఎత్తి పట్టుకొని, కళ్ళద్దాల మీదుగా నన్ను చూసి, "ఏంది పంతులూ, గిది దేవుని బొమ్మనా, మోటారుకారు బంపరా?" అన్నారు. అని, ఫోటో మూల ఒకటి చించి చెత్తబుట్టలో వేశారు. నచ్చని ఫోటోకు మూల చించడం ఆయన పద్ధతి. మూల చినిగిన ఫోటో దస్త్రంలోకి వెళ్ళదు గనుక అది మరణశాసనం వంటిది. ఆ తరువాత నా భుజం మీది కండువా వైపు వేలు చూపి, "అది ఇటు తే. ఇన్నొద్దులకు దానికొక పని దొరికింది" అని, దానిని విగ్రహానికీ దీపానికీ నడుమ తెరగా కట్టించారు. దీపపు వెలుగు గుడ్డ మీద పడి, వెన్నెలగా మారి విగ్రహాన్ని తడిమింది. అంతవరకు రెండు తెల్లటి మెరుపులుగా ఉన్న ముఖంలో కనురెప్పలు కనిపించాయి, పెదవి చివర శిల్పి ఉలి ఆగిన చోటు కనిపించింది. మెరిసేదాని మీదికి వెలుగు విసరకూడదు, అది తనలో దేనిని ప్రతిఫలింపజేసుకొంటుందో ఆ వస్తువుకు వెలుగు ఇవ్వాలి అన్న పాఠాన్ని ఆయన ఒక్క మాటలోనూ చెప్పలేదు. నా కండువా తిరిగి ఇవ్వలేదు కూడా.

ఇటువంటివి ఆయన వద్ద చాలా నేర్చుకొన్నాను. పటానికి ఇరుపక్కలా ఏటవాలుగా రెండు దీపాలు పెట్టి, పటం నడుమ ఒక పెన్సిలును నిటారుగా ఆనించి పట్టుకోవాలి. దాని నీడలు రెండూ ఒకే పొడవున, ఒకే నలుపున పడేదాకా దీపాలను జరుపుతూ ఉండాలి. కెమెరా వెనుక నల్లగుడ్డ కట్టాలి, లేకపోతే పటం మీది పూతలో కెమెరా పట్టుకొన్నవాడి బొజ్జ కనబడుతుంది. తాటాకు మీద గంటపు గీతలు చదవాలంటే వెలుగును నేలబారుగా పక్కనుంచి దొర్లించాలి. అన్నిటికీ మించి, రంగు ముఖ్యమైన బొమ్మ వస్తే ఆయన దీపాలన్నీ ఆర్పించి, దానిని మా గదిలోని ఎత్తయిన ఉత్తరపు కిటికీ దగ్గరికి మోయించేవారు. "రంగు సంగతి గా కిటికీనే అడగాలె. దీపాలు అబద్ధమాడ్తయి" అనేవారు. ఉత్తరపు దిక్కున సూర్యుడు నేరుగా కంటపడడు గనుక ఆ వెలుగు దినమంతా నిలకడగా, పక్షపాతం లేకుండా ఉంటుంది. అంతటితోనూ తృప్తిపడక, ప్రతి బొమ్మ పక్కనా తెల్లకాగితపు ముక్క ఒకటి పెట్టి కలిపి ఫోటో తీసేవారు. దానిని సాక్షి అనేవారు. ఫోటోలో ఆ కాగితం తెల్లగా రాకపోతే బొమ్మ రంగులు కూడా తప్పని అర్థం.

అటువంటి చేతికింద పెరిగినవాడిని గనుక ఈనాటి వెలుగులను చూస్తే నాకు రోత పుట్టడం సహజం. సాయంకాలం కొండాపూర్ వీధుల్లో నడిచివస్తుంటే ఒక్క గదిలోనైనా దీపం దీపంలా ఉండదు. కప్పు కింద మరొక కప్పు దించి, దాని అంచుల్లో వెలుగును దొంగసొత్తులా దాచుతారు. అది ఒక గదిలో ఊదా, మరొక గదిలో నీలం. ఇటీవల ఒక టిఫిను హోటలులో మా పక్క బల్ల దగ్గర ఇద్దరు ఉద్యోగస్థులు పెసరట్టుకు చేతిదీపం పట్టి, పావుగంట సేపు ఫోటోలు తీసి, అది చల్లారి అట్టముక్క అయ్యాక వెయిటరును పిలిచి వేడిగా లేదేమని దబాయించారు. పెసరట్టు మాత్రం ఫోటోల్లో కూడా బాగా రాలేదు, పచ్చిసున్నం పూసినట్టున్నది. ఏ వెలుగు ఎందుకన్న ప్రశ్న వారికి కలగలేదు, ఎంత వెలుగు అన్నదే వారి లెక్క. నాకు వారి మీద కోపం లేదు. కోపానికి అర్హత ఉండాలి.

ఈ తిరస్కారమంతా మనసులో మోసుకొనే నేను అక్కయ్య బొమ్మలకు పూనుకొన్నాను. మా మేనల్లుడి ఇల్లు తొమ్మిదో అంతస్తులో ఉన్నది. దానిలో ఒక పడకగదికి సరిగ్గా ఉత్తరాన వెడల్పాటి కిటికీ. ఆ గదిలోని మంచం బయట పెట్టించి, దీపాలన్నీ ఆర్పించి, గారెను దాని అట్టపెట్టెలోకి పంపించి, రోజూ పది గంటల నుంచి మధ్యాహ్నం దాకా, నాలుగు రోజులపాటు ముప్పయి ఒక్క బొమ్మలనూ తీశాను. రంగుల సర్దుబాటు కెమెరాకే వదిలేయమని మా మేనల్లుడు సలహా ఇస్తే, నాకు తెలియనిది ఈ డబ్బాకు తెలుసునా అని దానిని పగటి వెలుగుకు స్థిరపరచి తీశాను. సాక్షి కాగితం పెట్టలేదు. సాక్షాత్తూ ఉత్తరపు కిటికీయే ఎదుట నిలిచి ఉండగా కాగితపు ముక్క సాక్ష్యం దేనికని అప్పుడు నాకు తోచింది. ఆ అహంకారాన్ని ఇప్పుడు ఏ పేరుతో పిలిచినా తక్కువే.

అయిదోనాడు ఫోటోలన్నీ మా మేనల్లుడి పెద్ద తెర మీదికి ఎక్కించి అక్కయ్యను కూర్చోబెట్టాము. ఆమె చూపు తీరు తెలియనివారికి ఆమె అలిగి ముఖం తిప్పుకొన్నదనిపిస్తుంది. గోడవైపు చూస్తూ కంటికొసతో తెరను చదువుతుంది. మొదటి నాలుగింటినీ అలా చూసి తరువాతిది పెట్టమన్నది. అయిదోది వెదురుబుట్టలో దోసకాయలు. మన కూరదోసకాయ పసుపు ఎంత కష్టమైన రంగో చిత్రకారులకు తెలుస్తుంది. నిమ్మపండు పసుపు కాదు, చామంతి పసుపు కాదు, లోపల కొంచెం ఎరుపు దాగిన పసుపు. ఆ ఒక్క బొమ్మకు అక్కయ్య ఒక వేసవి సెలవులన్నీ ఖర్చు పెట్టిందని మా ఇంట్లో చెప్పుకొనేవాళ్ళం.

"తమ్ముడూ, ఇవి పచ్చివిరా" అన్నది.

"ఏవి?"

"దోసకాయలు. నేను పండినవి వేశాను, నువ్వు కాయలు తీశావు. ఆకుపచ్చ కొడుతున్నాయి."

నేను తెర దగ్గరికి వెళ్ళి చూశాను. నాకు పసుపుగానే కనబడ్డాయి. నాలుగు రోజులు అదే గదిలో అదే వెలుగులో ఉన్న కన్ను దేనికైనా సర్దుకుపోతుంది. నా వృత్తిలో ఇది అందరికీ తెలిసిన ప్రమాదం; తెలిసి కూడా నేను అన్న మాట వినండి. "ఉత్తరపు వెలుగు అక్కయ్యా, అది తప్పదు. తేడా నీ కంట్లో ఉన్నదేమో చూసుకో" అన్నాను.

ఆమె తల తిన్నగా తిప్పి నావైపు నేరుగా చూసింది; అంటే నన్ను చూడడం మానుకొన్నదన్నమాట. మా మేనల్లుడు నేల చూశాడు. అప్పుడు మాట్లాడినవాడు నిచ్చెన మీద నిలబడి ముందుగదిలో ఫ్యాను బిగిస్తున్న మనిషి. ఆ అపార్ట్‌మెంటులో కరెంటు పనులు చూసేది అతడే, పాలమూరు వైపు నుంచి వచ్చినవాడు. ఈ గొడవలో అతడు అక్కడ ఉన్న సంగతి మేము మరిచాము.

"అమ్మ చెప్పింది నిజమే పెద్దసార్. ఆ అర్రల పొద్దటిపూట అన్నీ ఆకురంగే కొడ్తయి. మొన్న వైర్లు గుంజెటప్పుడు నా తెల్లంగి జూస్కుంటే పాచి పట్టినట్టుండె."

"ఎందుచేత?"

"ఎదురుంగ అద్దాల బిల్డింగు లేశింది గద సార్. ఎండ దాని మీద వడి ఇట్ల మర్లుతది. మీరు నాలుగొద్దుల సంది గాడనే ఉంటిరి, జర కిటికీల నుంచి బయటికి జూడకపోతిరి?"

నేను ఆ గదిలోకి వెళ్ళి, జేబులోని ఒక తెల్లకవరును కిటికీ దగ్గర పట్టి, తరువాత దానినే దక్షిణపు బాల్కనీలోకి తెచ్చి నీడలో పట్టి చూశాను. ఒకే కాగితం, లోపల అది కొలను నీటి ఛాయలో ఉన్నది. ఉత్తరాన మా గురువుగారి కాలంలో ఆకాశం ఉండేది. ఇక్కడ ఉత్తరాన ఇరవై అంతస్తుల ఆకుపచ్చ అద్దం ఉన్నది. దక్షిణపు ఎండ దాని మీద పడి, రంగు పులుముకొని, మా కిటికీలోకి వస్తున్నది. పక్షపాతం లేని దిక్కని నేను దండం పెట్టుకొన్న దిక్కున ఎవరో ఒక అద్దాల బీరువాను నిలబెట్టారు, నేను కళ్ళు తెరుచుకొని దానికి ఎదురుగా నాలుగు రోజులు కూర్చొని, గారె దీపాన్ని తిడుతూ, ముప్పయి ఒక్క బొమ్మలనూ పాచినీళ్ళలో ముంచాను. పెసరట్టును ఫోటో తీసినవారు పెసరట్టును మాత్రమే చెడగొట్టారు. నేను చూపు పోతున్న తోబుట్టువును పట్టుకొని తప్పు నీ కంటిదే అన్నాను. ఆ పూట నా మీద నాకు కలిగిన ఏహ్యభావంతో పోలిస్తే ఇతరుల మీద అంతవరకు నేను చూపినది వట్టి వేడుక.

అక్కయ్య దగ్గరికి వెళ్ళి తప్పు నాదేనని చెప్పాను. "తప్పు కిటికీదనలేదు, మేలు" అన్నది ఆమె. అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

తరువాతి శనివారం మా మేనల్లుడు కోకాపేటలోని తన ఆఫీసు నుంచి రెండు పెద్ద దీపాలను అడిగి తెచ్చాడు. పాఠాల వీడియోలు తీయడానికి అక్కడ వాడుకొంటారట. నేను వెంటనే ఒప్పుకోలేదు. దీపాలు అబద్ధమాడతాయన్న మాట నాలో ఇంకా బతికే ఉన్నది గనుక వాటిని పరీక్షకు పెట్టాను. తెల్లకాగితం మీద పూజగదిలోని కుంకుమ, పసుపు, బట్టల నీలిమందు చిటికెడు చిటికెడు పోసి, ముందు బాల్కనీ నీడలో తేరిపార చూసి, తరువాత గదిలో గారె కింద, ఆపైన ఈ దీపాల కింద చూశాను. గారె దీపం కింద కుంకుమ ఇటుకపొడి అయింది. ఈ దీపాల కింద కుంకుమ కుంకుమగానే ఉన్నది. మా గురువుగారు ఉండి ఉంటే, ఏదో ఒక వంక పెట్టి తీరేవారే గాని, వీటి మూల చించేవారు కారనిపించింది.

ఉత్తరపు కిటికీకి రెండు దుప్పట్లు కట్టి వెలుగు చొరకుండా మూశాము. నిచ్చెన మనిషి తన సెలవు పూట వచ్చి, దీపాల ముందు తెల్లటి పంచెను పట్టుకొని నిలుచున్నాడు. "గీ పంచె ఏంది సార్, అంత కరెంటు తెచ్చి మళ్ల దాన్నే అడ్డం వెడ్తిరి" అని అడిగి, పంచె తీసిన వెలుగునూ పెట్టిన వెలుగునూ ఇత్తడి చెంబు బొమ్మ మీద తానే చూసి, ఇక ఆ తరువాత పంచెను ఒక్క అంగుళమైనా జారనీయలేదు. పెన్సిలు నీడలు సరిచూసుకొన్నాను. నల్లగుడ్డ కట్టాను. ప్రతి బొమ్మ పక్కనా కాగితం పెట్టాను. మా మేనల్లుడు ఒక్కొక్క ఫోటోనూ అప్పటికప్పుడు తెర మీద చూపిస్తే, కాగితం తెల్లగా ఉన్నదో లేదో ముగ్గురమూ చూసిన తరువాతే తరువాతి బొమ్మను ఎత్తాము. రెండు రోజులు పట్టింది. అక్కయ్య అన్నిటినీ చూసింది. తల అటు తిప్పి, ఇటు తిప్పి, ఒక్కొక్కదానికి చాలా సేపు. మూడింటిని వెనక్కి పంపింది. ఒకదానిలో నలుపు చచ్చిందన్నది, రెండింటిలో పూత మెరుపు అంచున మిగిలిందన్నది. నేను వెళ్ళి చూస్తే నిజంగానే మిగిలింది. మూడూ మళ్ళీ తీశాను. దోసకాయల బుట్ట వచ్చినప్పుడు మాత్రం, "ఆఁ, ఇవి కూరకు పనికొస్తాయి" అన్నది.

ఫోటోలు వెళ్ళాయి. ఆరేడు వారాలు గడిచాయి. అచ్చు నమూనా పుటలు వచ్చేసరికి వానలు పడుతున్నాయి.

ఆ పుటలు మా మేనల్లుడి ఇంట్లో బల్ల మీద పరచి చూశాము. నేను పంపిన రంగులు అవి కావు. అచ్చు పనివారు ప్రతి బొమ్మనూ తళతళలాడేలా తోమారు. ఇత్తడి చెంబు కొత్తగా పోత పోసినట్టు మెరుస్తున్నది, దాని వెనుక అక్కయ్య ఎంతో ఓపికగా కలిపిన బూడిదరంగు నీలమయింది, దుప్పట్ల మూట నీడలలోని గోధుమవన్నె మొత్తం ఎగిరిపోయి నలుపే మిగిలింది. దోషం వెదకనక్కరలేదు, దారినపోయేవాడికి కూడా కనబడుతుంది. అక్కయ్య ఏమంటుందోనని నేను ఎదురుచూశాను. ఆమె నోట నాలుగు మాటలు పడితే వాటిని పట్టుకొని అచ్చువారి మీదికి వెళ్ళవచ్చునని నా ఆశ.

ఆమె చెంబు బొమ్మను చేతిలోకి తీసుకొన్నది. కిటికీ వైపు జరిగింది. తల ఎడమకు తిప్పింది, కుడికి తిప్పింది, పుటను కంటికి దగ్గరగా, దూరంగా జరిపింది. పుటను ఒడిలో పెట్టుకొని నవ్వింది.

"అచ్చం ఇలాగే వేశానురా" అన్నది. "ఆ వెనక బూడిదరంగు చూశావా? దానికోసం ఎంత అవస్థ పడ్డానో."

మా మేనల్లుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి; సంతోషంతో. అతనికి తేడా తెలియలేదు. నేను తరువాతి పుటను ఆమె చేతికి అందించాను. మిగిలిన ముప్పయినీ ఆమె అలాగే చూసి, అలాగే తలూపింది. ఆమె కోరిక నెరవేరింది. నా ఎదుటే, తప్పుడు రంగుల మీద.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా అచ్చుశాలకు వెళ్ళాను. అక్కడ రంగుల పని చూసే మనిషి మర్యాదస్థుడే. కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. నేను నా ఫోటోలను ఆ పుటల పక్కన పెట్టి, సాక్షి కాగితాన్ని చూపించి, తోమిన తోముడంతా తీసివేయమన్నాను.

"జర బ్రైట్ జేస్తె ఫోన్ల మంచిగ కనవడ్తది సార్, ఇప్పుడందరు గట్లనే అడుగుతుండ్రు" అన్నాడు అతడు. "అయినా మేడమ్ చూసి ఓకే జేసిండ్రు గద. ఇగ ఎవరి కోసం మారుస్తం?"

ఫోటోలోని ఆ కాగితపు ముక్క మీదే వేలు పెట్టి, ఇది తెల్లగా వచ్చేదాకా నేను ఇక్కడే కూర్చుంటాను అన్నాను. అతడు నన్ను ఒక మొండి ముసలివాడనుకొని ఉంటాడు, అనుకొంటే సబబే. సాయంత్రానికి ముప్పయి ఒక్కటీ నేను పంపిన రంగుల్లోకి వచ్చాయి.

పుస్తకం గత నెల వచ్చింది. అక్కయ్య దానిని ఒడిలో పెట్టుకొని పుటలను వేళ్ళతో తడుముతూ, ఓరగా చూస్తూ, "ఆవేళ చూసినట్టే ఉన్నాయి, ఒక్క పిసరు కూడా మారలేదు" అన్నది. ఆ తరువాత, "చాలా బాగా తీశావురా" అన్నది. ఊహ తెలిసిన నాటి నుంచి నా పనిలో ఏదో ఒకటి ఎంచకుండా ఆమె ఊరుకొన్నది లేదు. నా చేతిరాత నుంచి నా కండువా మడత దాకా ఆమెకు అన్నీ తప్పులే. మెచ్చుకొన్నది అదే మొదటిసారి.

ఈ నగరంలో వెలుగుకు కొరత లేదు. కోకాపేట మేడలు వానలో కూడా పొద్దస్తమానం వెలుగుతూనే ఉంటాయి, ఆఫీసు దీపాలలో నిజాయితీ గలవి ఉన్నాయని కూడా నేను ఒప్పుకొన్నాను. నేను తెల్లమొగం వేసుకొని నిలబడేలా మూల చించగలిగినవారు మాత్రం ఒకరొకరే పోయారు. మా గురువుగారు ఏనాడో పోయారు. అక్కయ్య నా ఎదుటే, మూలకుర్చీలో, నవ్వుతూ ఉన్నది. ఇప్పుడు నేను తీసే ఫోటో తప్పో ఒప్పో నేనొక్కడినే చెప్పుకోవాలి. ఉత్తరపు గదిలో నాలుగు రోజులు కూర్చొన్న కన్నును నేను ఎంతవరకు నమ్మగలను? ఆ పుస్తకాన్ని రోజూ ఒకసారి తెరిచి, ఒక్కొక్క పుటనూ ఆమె ముందు పెడుతున్నాను. ఏదో ఒక దానికి వంక పెడుతుందేమోనని చూస్తున్నాను. ఆమె ప్రతిదానికీ బాగుందనే అంటున్నది.